ట్యాంకు లేని వేడినీళ్ళు

మాకు పెళ్ళయిన నాలుగు నెలలకు క్వార్టరు వచ్చింది. అప్పటిదాకా మా ఆయన దివాకర్ కొండమీద లాడ్జీలోనూ, నేను బొబ్బిలిలో అమ్మ దగ్గరా ఉన్నాం. ఆదివారాలు మాత్రమే మొగుడూ పెళ్ళాలం. కొండమీద అద్దె ఇళ్ళు లేవు. అందుకని క్వార్టరు తాళంచెవి చేతికొచ్చిన రోజున నేను దాన్ని కళ్ళకద్దుకుని, రెండు గదులూ, వంటిల్లూ, స్నానాలగదీ ఒక్కొక్కటే తెరిచి మూసి, మళ్ళీ తెరిచి చూసుకున్నాను. మూడు తలుపులు సరిగా పడవు. నాకు అవి కూడా నచ్చాయి.

మా ఆయన పనిచేసేది గోనెసంచుల ప్రమాణాల మండలిలో. ఆ కొండమీద జనుము పండదు. సంచి కుట్టే మిల్లు చుట్టుపక్కల ఎక్కడా లేదు. స్థలం దొరికిందని ఆఫీసు అక్కడ పెట్టారు. సంచి ఎంత పొడుగుండాలి, ఎన్ని పోగులుండాలి, నిండా ధాన్యం పోస్తే ఎంత ఉబ్బవచ్చు అని తేల్చడానికి మూడు వందల మంది ఆ చలిలో స్వెట్టర్లు వేసుకుని కూర్చుంటారు.

చలి అంటే మామూలు చలి కాదు. పొద్దున్నే కుళాయి తిప్పితే వచ్చే నీళ్ళు తగిలి నా కొత్త మంగళసూత్రం కూడా వణికేది. మొదటి వారంలోనే హీటరు కొనాలని తీర్మానించుకున్నాం. బొబ్బిలి వెళ్ళి, కొట్టులో అరగంట నిలబడి, గోడంతా పరుచుకున్న పెద్ద పెద్ద గీజర్లను చూశాం. అన్నిటి మధ్యా టిఫిన్ క్యారియర్ అంత పెట్టె ఒకటి, లేత పిస్తా రంగులో, ముద్దుగా కనిపించింది.

"ఇది పిల్లలదా అండీ?" అని అడిగాను.

కొట్టాయన నవ్వాడు. "కాదమ్మా. దీనికి ట్యాంకు ఉండదు. నీళ్ళు నిలవ ఉంచి కాచే పనిలేదు. గొట్టంలో వెళుతూ వెళుతూనే వేడెక్కిపోతాయి. కుళాయి సన్నగా తిప్పితే సెగ, ధారగా తిప్పితే గోరువెచ్చన. కట్టేస్తే కరెంటూ ఆగిపోద్ది."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన అప్పటికే పెట్టె రంగు మా స్నానాలగది గోడకు నప్పుతుందా అని కళ్ళు చికిలించి ఆలోచిస్తున్నారు. ఇలాంటివాడిని కట్టుకున్నందుకు నాకు గర్వం వేసింది.

ఘాట్‌రోడ్డు మలుపుల్లో అది దెబ్బ తింటుందని బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కండక్టరు వంగి చూసి, "బాబా, పాపా?" అన్నాడు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

కాలనీ ఎలక్ట్రీషియన్ అప్పలకొండ వచ్చి దాన్ని గోడకు బిగించాడు. ఏభై ఏళ్ళ మనిషి, చెవిలో బీడీ, నడుముకి టెస్టరు. పని అయ్యాక కాసేపు నిలబడి చూశాడు.

"ఇంతేనేటమ్మా? మిగతాది రేపొస్తాదా?"

"ఇంతే, అప్పలకొండా. దీనికి ట్యాంకు ఉండదు."

"నీలేటి, దారిలోనే ఉడికిపోతాయా?" అని కుళాయి కింద చెయ్యి పెట్టి, "ఓలమ్మో!" అని వెనక్కి లాక్కున్నాడు. ఆ తరవాత దాన్ని ఎంతో మర్యాదగా చూశాడు.

మొదటి పదిరోజులూ మాకు స్వర్గం. కుళాయి పిడిని గోడమీద గడియారంలో ముల్లులా ఊహించుకుని, నాకు తొమ్మిది గంటల దగ్గర, ఆయనకు పది దగ్గర అని కనిపెట్టాం. ఇంకొక సంగతి కూడా కనిపెట్టాను. ఆయన స్నానం చేస్తుండగా నేను వంటింట్లో కుళాయి తిప్పితే అక్కడ ధార తగ్గి, హీటరు ఆగిపోయి, ఒంటిమీద చన్నీళ్ళు పడతాయి. లోపలినుంచి, "వేణీ!" అని కేక వినిపిస్తుంది. పెళ్ళాం పేరు అంత గట్టిగా, అంత మనస్ఫూర్తిగా పిలిచే మొగుడు కాలనీలో మరొకడు లేడు.

పదకొండో రోజున సర్క్యులరు వచ్చింది.

దానికి కారణం మండలి ఛైర్మన్‌గారి బనీను. ఆయన కొండమీదికి తనిఖీకి వచ్చి, గెస్ట్‌హౌస్‌లో వేడినీళ్ళు పోసుకుని, ఆ నీళ్ళలోనే బనీను జాడించుకున్నారట. గీజరు ట్యాంకులో తుప్పు ఉంది. తెల్ల బనీను గోనెసంచి రంగుకి తిరిగింది. ఆయన జీవితమంతా ఆ రంగుకి ప్రమాణాలు రాసినవారే అయినా సంతోషించలేదు.

"మండలి నివాసగృహములలో గల యావత్తు నీటి తాపన పరికరముల ట్యాంకులను ఆరు మాసములకొకసారి తెరిచి, పరిశీలించి, శుభ్రపరచి, ధ్రువీకరించవలెను. ఏ గడియు ఖాళీగా ఉంచరాదు." కింద ఫారం. ఏడో గడిలో 'ట్యాంకు సామర్థ్యం, కనిష్ఠం పది లీటర్లు' అని అచ్చు వేసి ఉంది.

మర్నాడే సూపరింటెండెంటు కూర్మారావుగారు వచ్చారు. వెనకాల ఇద్దరు మనుషులు, ఒకరి చేతిలో పొడుగాటి బ్రష్షు, మరొకరి చేతిలో బొగ్గుల బక్కెట్టంత బక్కెట్టు. స్నానాలగదిలోకి వెళ్ళి నాలుగు గోడలూ చూసి బయటికొచ్చారు.

"ట్యాంకెక్కడమ్మా?"

"దీనికి ట్యాంకు ఉండదండి. నీళ్ళు గొట్టంలో వెళుతూనే వేడెక్కుతాయి."

"వెళుతూ అంటే? ఎక్కడికి?"

"బక్కెట్లోకండి."

"సరే. బయలుదేరేది ఎక్కణ్ణుంచి?"

"మేడమీద తొట్టి లోంచి."

"అవి చన్నీళ్ళమ్మా. నేనడిగేది వేడినీళ్ళ సంగతి. అవి ఎక్కణ్ణుంచి బయలుదేరతాయి?"

నేను ఎం.ఎస్‌సీ. ఫిజిక్సు. అదేదీ పనికిరాక కుళాయి తిప్పి చూపించాను. ఆయన వేలు పెట్టి, తీసి, ఊదుకుని, బ్రష్షు పట్టుకున్నతన్ని కూడా వేలు పెట్టమన్నారు. ముగ్గురూ వేళ్ళు ఊదుకున్నాక ఫారంలో ఇలా రాశారు: "వేడినీరు కలదు. సదరు నీరు ఉండవలసిన ట్యాంకు చూపబడలేదు."

రెండు రోజుల తరవాత మా ఇద్దరికీ ఎస్టేట్ అధికారి విశ్వేశ్వరంగారి దగ్గరనుంచి పిలుపొచ్చింది. పెద్ద మనిషి, పెద్ద బల్ల. హీటరుతో వచ్చిన చిన్న పుస్తకం ఆయన ముందు పెట్టాను. "చూడండి సార్, ఇందులో ట్యాంకు లేదనే రాసి ఉంది."

ఆయన పుస్తకం తెరవలేదు. "అది కంపెనీవారి అభిప్రాయం."

"పోనీ ఏడో గడిలో సున్నా వేస్తే సార్?" అన్నారు మా ఆయన.

"కనిష్ఠం పది అని అచ్చయింది. సున్నా పదికి తక్కువ. అవునా, కాదా?"

"అవును సార్."

"దివాకర్, నువ్వు చిన్నవాడివి. నాది ముప్పై ఒక్క సంవత్సరాల సర్వీసు. ఈ సర్వీసులో నేను నేర్చుకున్నది ఒక్కటే. ముందు పాత్ర, తరవాత పదార్థం. సంచి లేకుండా ధాన్యాన్ని నేను చూడలేదు. డబ్బా లేకుండా నూనెను చూడలేదు. ఉన్న ప్రతి వస్తువూ దేనిలోనో ఉండి తీరాలి."

"గాలి కూడానా అండీ?" అన్నాను.

మా ఆయన బల్ల కింద నా కాలు తొక్కారు.

"గాలి మండలి పరిధిలోకి రాదమ్మా," అన్నారు విశ్వేశ్వరంగారు శాంతంగా. "వేడినీళ్ళు ఉన్నాయని సూపరింటెండెంటు స్వయంగా వేలు కాల్చుకుని ధ్రువీకరించారు. కాబట్టి ట్యాంకు ఉంది. మీరు చూపించడం లేదు. పదిహేను రోజులు గడువిస్తున్నాను. ట్యాంకు చూపించండి. లేదా క్వార్టరు ఖాళీ చేయండి."

మెట్లు దిగుతుంటే మా ఆయన జేబులో క్వార్టరు తాళంచెవిని తడుముకున్నారు. ఆయన మళ్ళీ లాడ్జీకి, నేను మళ్ళీ అమ్మ దగ్గరికి, మళ్ళీ ఆదివారాలు. మూడు తలుపులూ సరిగా పడని ఆ ఇంటిని తలుచుకుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు ఏ ట్యాంకులోవో ఎస్టేట్ ఆఫీసుకి చెప్పాల్సి వస్తుందేమోనని తుడిచేసుకున్నాను.

ఈలోగా మాకు సాయం చేయడానికని ట్యాంకు అన్వేషణ ఉపసంఘం ఒకటి ఏర్పడింది. ముగ్గురు సభ్యులు టేపు పట్టుకుని వచ్చి, గోడలు కొలిచి, ట్యాంకు గోడలో ఉందేమోనని వేళ్ళతో తట్టి చూశారు. మంచం కిందికి దూరారు. అటకెక్కారు. అటకమీద మా అమ్మ సారెలో పెట్టిన ఇత్తడి గంగాళం దొరికింది. ఒకాయన దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుని కిందికి దించారు.

"ఇదేనా అమ్మా?"

"అది గంగాళమండి. పులిహోర కలపడానికి."

"ఎన్ని లీటర్లు?"

"ఇరవై పట్టొచ్చు."

ముగ్గురి ముఖాలూ వెలిగాయి. గంగాళానికీ హీటరుకీ మధ్య దూరం కొలిచారు. పద్నాలుగు అడుగులు, మధ్యలో ఒక గోడ. దాన్నే ట్యాంకుగా నమోదు చేద్దామా అని చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. మూత లేని కారణంగా అర్హత లేదని చివరికి కన్నీళ్ళతో తీర్మానించి, నేను పెట్టిన పులిహోర తిని వెళ్ళిపోయారు.

పక్కింటి సూరీడమ్మగారు గోడమీదుగా తొంగి చూశారు. "ఏమ్మాయ్, ట్యాంకు దాచుకున్నారటగా?"

"లేదు పిన్నిగారూ, ఒట్టు. మాకు ట్యాంకే లేదు."

"పోన్లే, నాతో చెప్పకపోతే మానె. మా ట్యాంకు శుభ్రం చేస్తామని ఊడదీసి పన్నెండు రోజులైంది. మా ఆయన తలకి పోసుకోవడమే మానేశారు. నీకున్నది నలుగురికీ చూపిస్తే పోయేది కదే తల్లీ!"

గడువుకి మూడు రోజులుందనగా అప్పలకొండ వచ్చాడు. అరుగుమీద కూర్చుని విన్నాడంతా.

"ట్యాంకు సూపించమన్నారు, అంతేకదమ్మా? అది పని సెయ్యాలని ఎవులైనా అన్నారేటి?"

నేను, మా ఆయనా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

సాయంత్రానికి పాలకేంద్రంలో మూలన పడేసిన ఏభై లీటర్ల స్టీలు డ్రమ్ము రిక్షామీద వచ్చింది. నేను చింతపండుతో తోమాను. అద్దంలా మెరిసింది. అప్పలకొండ దాన్ని హీటరు కింద నాలుగు కాళ్ళ స్టాండుమీద నిలబెట్టి, ఒక మూర గొట్టం బిగించి, ఆ గొట్టం రెండో కొసని గోడలోకి రెండంగుళాలు దోపి సిమెంటు పూశాడు. ఆ గొట్టం ఎక్కడికీ వెళ్ళదు. చూడ్డానికి మాత్రం చాలా దూరం వెళుతున్నట్టు ఉంటుంది. గదిలో సగం డ్రమ్మే ఆక్రమించింది. ఇక స్నానం చేయాలంటే కొంగలా ఒంటికాలిమీద నిలబడాలి. అయినా మాకు బాధ లేదు. ఇల్లు నిలబడుతుంది కదా!

కూర్మారావుగారు వచ్చి, డ్రమ్ము చూసి, చేతులెత్తి దణ్ణం పెట్టారు. "ఎక్కడ దొరికిందమ్మా?"

"ఇక్కడే ఉందండి. ఇప్పుడు కనిపించింది."

మూత తీశారు. లోపల ఖాళీ. "నీళ్ళేవి? నీళ్ళు లేని ట్యాంకును ధ్రువీకరించలేం." మర్నాడు నీళ్ళు నింపి ఉంచాను. వేలు పెట్టి, "చన్నీళ్ళమ్మా ఇవి. హీటరు ట్యాంకులో చన్నీళ్ళుంటే హీటరు చెడినట్టు లెక్క," అన్నారు. అందుకని మూడోరోజు పొద్దున్నే మేమిద్దరం మా చిన్న పెట్టె కింద బక్కెట్లు పెట్టి, వేడినీళ్ళు పట్టి, మగ్గులతో డ్రమ్ములో పోశాం. వేడినీళ్ళు ఇచ్చే హీటరు నుంచి వేడినీళ్ళు తీసి, వేడినీళ్ళు వస్తున్నాయని రుజువు చేయడానికి ట్యాంకులో పోస్తున్నామని మా ఆయన మధ్యలో ఆగి అన్నారు. "ఆలోచించకండి, పొయ్యండి," అన్నాను.

ఈసారి కూర్మారావుగారు మండలి ప్రయోగశాలనుంచి యంత్రం తెచ్చారు. సంచుల్లో తేమ కొలిచేది. నీళ్ళలో ముంచారు. తేమ నూరు శాతం వచ్చింది. తుప్పు లేదు. మడ్డి లేదు. తుప్పు పట్టడానికి దానికి అవకాశమే రాలేదు. ఆయన ఫారం నింపుతూ తలెత్తారు.

"అమ్మా, రెండు వందల ట్యాంకులు చూశాను. ఇంతటి ట్యాంకు మండలి చరిత్రలో లేదు."

మాకు ఇల్లు దక్కింది. నాలుగు రోజులు ఒంటికాలిమీద హాయిగా స్నానాలు చేశాం.

అయిదోరోజున ఇంటిముందు జీపు ఆగింది. విశ్వేశ్వరంగారు దిగారు. వెంట లక్క, కొవ్వొత్తి, ఇత్తడి ముద్ర. మండలిలో ఒక ఆచారం ఉంది. అన్ని సంచుల్లోకీ మేలైన సంచిని ప్రామాణిక నమూనాగా ఎంచి, లక్క సీలు వేస్తారు. మిగతా సంచులన్నిటినీ దానితో పోల్చి చూస్తారు. నమూనాను మాత్రం ఇంకెవరూ విప్పకూడదు, తాకకూడదు. మా డ్రమ్ము ప్రామాణిక నమూనా అయింది. దానిలో నీళ్ళు పారబోసి, తుడిచి, మూతమీద లక్క కరిగించి ముద్ర వేశారు. వెంట వచ్చిన ఉద్యోగులు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. తుండు భుజానేసుకుని స్నానానికి వచ్చిన మా ఆయన కూడా కొట్టారు.

ఆ తరవాత కాలనీ వాళ్ళు వరసకట్టి మా స్నానాలగదిలోకి వచ్చి నమూనా చూసి వెళ్ళసాగారు. చూసి, తమ ట్యాంకులతో పోల్చుకుని, తేడాలు రాసివ్వాలి. ఎవరో శ్రద్ధగా చూసి ఒక తేడా పట్టేశారు. మిగతా ట్యాంకులన్నిటికీ నీళ్ళు వచ్చే గొట్టం, పోయే గొట్టం, కరెంటు తీగ ఉన్నాయి. నమూనాకి ఆ మూర గొట్టం తప్ప ఇంకేవీ లేవు. ఎస్టేట్ ఆఫీసు వెంటనే ఆజ్ఞ జారీ చేసింది: "నమూనాతో పోల్చగా అదనముగా తేలిన గొట్టములను, తీగెలను అన్ని గృహములలోనూ మూడు దినములలో తొలగించవలెను." తొలగించారు. కాలనీ అంతా చన్నీళ్ళే. సూరీడమ్మగారు గోడమీదుగా నన్ను చూసి తల తిప్పుకున్నారు.

నేను నోరెత్తలేదు. మా పిస్తా రంగు పెట్టె మాకుంది కదా అనుకున్నాను. ఆ స్వార్థానికి ఫలితం మర్నాడే వచ్చింది.

"ప్రామాణిక నమూనా గల గదియందు నమూనాకు సంబంధము లేని ఉపకరణము గోడకు బిగించబడి యున్నది. ఫారములో దీనికి గడి లేదు. రేపు మధ్యాహ్నంలోగా తొలగించనిచో క్వార్టరు రద్దగును."

మా ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "తీసేద్దాం వేణీ. పొయ్యిమీద కాచుకుందాం. మనం ఒకచోట ఉండడం ముఖ్యం."

"పొయ్యిమీద కాచుకునే నీళ్ళకి మీ తొమ్మిదీ పదీ ఉంటాయా?" అన్నాను. చిన్న విషయమే. కానీ నాలుగు నెలలు ఆదివారాలు లెక్కపెట్టుకున్నవాళ్ళం. మాకున్నవన్నీ చిన్న విషయాలే. ఇల్లూ కావాలి, పెట్టె కూడా కావాలి. రెండిట్లో ఏదీ వదలనని మొండికేసి అప్పలకొండకి కబురు పెట్టాను.

అతను డ్రమ్ము చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మూతమీద లక్క చూశాడు. కిందికి వంగాడు.

"సీలు మూతకేసారమ్మా. అడుక్కి ఎయ్యనేదు."

నాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక ఎగిరి గంతేశాను.

తెల్లారి మొదలుపెట్టి పదకొండు గంటలకల్లా పని అయిపోయింది. డ్రమ్ము అడుగు రేకు కోసి, పిస్తా రంగు పెట్టెను లోపలే నిలువుగా బిగించి, గోడలో అసలు నీళ్ళ గొట్టానికీ, కుళాయికీ, కరెంటుకీ అడుగునుంచి కనపడకుండా కలిపి, ఎర్తింగు రెండుసార్లు చూసి, రేకు మళ్ళీ మూశాడు. లక్క చెక్కుచెదరలేదు. గోడమీద నాలుగు మేకు బెజ్జాలు మాత్రం మిగిలాయి.

మధ్యాహ్నం కూర్మారావుగారితో పాటు విశ్వేశ్వరంగారే వచ్చారు. నాలుగు బెజ్జాలనూ కూర్మారావుగారు లెక్కపెట్టి, "ఉపకరణము తొలగించబడినది," అని రాసుకున్నారు. విశ్వేశ్వరంగారు సీలు సరిచూసుకున్నారు. తిరిగి వెళ్ళబోతూ, ఎందుకో ఆగి, కుళాయి తిప్పారు.

ఆవిరి లేచింది.

ఆయన ధార కింద చెయ్యి పెట్టి, తీయకుండా అలాగే ఉంచారు. ఆ చేతివేళ్ళు చలికి పగిలి ఉన్నాయి. ఆయన ఇంట్లో గొట్టాలు కూడా ఆయన ఆజ్ఞ ప్రకారమే ఊడదీశారు. చాలాసేపటికి రెండో చెయ్యి కూడా పెట్టారు.

"చూశావా దివాకర్," అన్నారు. "మొదటినుంచీ చెబుతున్నాను. ట్యాంకు లేకుండా నీళ్ళు వేడెక్కవని."

"చెప్పారు సార్."

కూర్మారావుగారు ఫారం ముందుకు చాపారు. "ఒక్క గడి మిగిలిందమ్మా. ట్యాంకులో నీళ్ళు వేడెక్కుటకు పట్టు సమయం?"

"వెంటనే అండి," అన్నాను.

ఆయన కలం ఆగింది. విశ్వేశ్వరంగారివైపు చూశారు.

"రాయవయ్యా," అన్నారు విశ్వేశ్వరంగారు. "ట్యాంకు మంచిదైతే అంతే."

చేతులు తుడుచుకోవడానికి మా ఆయన భుజంమీద తుండు అడిగి తీసుకున్నారు. తుడుచుకుంటూ అప్పలకొండను పక్కకి పిలిచారు. గొంతు తగ్గించారు గాని, మా ఇంట్లో తలుపులు సరిగా పడవు కాబట్టి అంతా వినిపించింది.

"ఇలాంటి ట్యాంకు మా ఇంటికొకటి కావాలోయ్. మా ఆవిడ నాతో మాట్లాడి వారం రోజులైంది."

"అలాగే బాబూ. సిన్నదా, పెద్దదా?"

విశ్వేశ్వరంగారు ఆలోచించారు. ముప్పై ఒక్క సంవత్సరాల సర్వీసంతా ఆ ముఖంలో కనిపించింది.

"వంద లీటర్లది పెట్టు. మా ఆవిడకి నీళ్ళు బాగా వేడిగా ఉండాలి."

అప్పలకొండ నావైపు చూడకుండా తల వంచుకుని సరేనన్నాడు. సూరీడమ్మగారిదీ, ఉపసంఘం ముగ్గురిదీ కలిపి సాయంత్రానికి పదహారు డ్రమ్ములకు మాట ఇచ్చాడు. నేను తలుపు చేరేసుకుని, ఒంటికాలిమీద నిలబడి, పిడిని తొమ్మిది దగ్గర పెట్టుకున్నాను.